పదో తరగతి గణితం: వార్షిక ప్రణాళిక

పదో తరగతి గణిత వార్షిక ప్రణాళిక అంటే జూన్‌లో బడి తెరిచిన రోజు మొదలు మార్చిలో పబ్లిక్ పరీక్ష రాసేదాకా గణితం పీరియడ్లలో ఏం జరగాలో ముందుగా నిర్ణయించి రాసుకునే పత్రం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత పాఠశాలల్లో గణిత ఉపాధ్యాయులు ఏటా దీన్ని రాస్తారు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేస్తారు, తనిఖీకి వచ్చినవారు అడిగి చూస్తారు. నెల, అధ్యాయం, పీరియడ్ల సంఖ్య, అభ్యసన ఫలితాలు, బోధనోపకరణాలు అని గళ్లు గీసి నింపడం వాడుక. ఈ గళ్లలో ఏ అధ్యాయం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో కనిపిస్తుంది. ముగిసిన అధ్యాయం దగ్గరికి పిల్లలు మళ్లీ ఎప్పుడు వస్తారో మాత్రం కనిపించదు. గణితం విషయంలో ఇది పెద్ద లోటు. జూన్‌లో చెప్పినది మార్చిలో గుర్తుండాలన్నా, జూలై అధ్యాయం నవంబరు అధ్యాయానికి ఆసరా కావాలన్నా తిరిగి రావడానికి కూడా ప్రణాళికలోనే తేదీలు ఉండాలి. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందన్న ప్రశ్న చుట్టూ అల్లిన ప్రణాళికను, ఏ పాఠానికి ఎన్నిసార్లు తిరిగి రావాలన్న ప్రశ్న చుట్టూ మళ్లీ రాసుకోవాలన్నది ఈ వ్యాసం చెప్పదలచిన విషయం.

ముందు చేతిలో ఉన్న కాలం ఎంతో లెక్క చూడాలి. తెలంగాణ పాఠశాల విద్యాశాఖ 2024-25 క్యాలెండరు ప్రకారం బడులు జూన్ 12న తెరిచారు. మొత్తం పనిదినాలు 229. పదో తరగతి సిలబస్ జనవరి 10కల్లా పూర్తి చేయాలని, మిగిలిన తరగతులకు ఫిబ్రవరి ఆఖరు దాకా గడువని అందులోనే ఉంది. జూన్ 12 నుంచి జనవరి 10 దాకా 213 రోజులు. అందులో ఆదివారాలు ముప్ఫై పోతాయి. రెండో శనివారాలు, అక్టోబరు 2 నుంచి 14 వరకు ఇచ్చిన దసరా సెలవులు, వినాయక చవితి, దీపావళి, క్రిస్మస్ వంటి పండగలు, ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక), ఎస్‌ఏ (సంగ్రహణాత్మక) మూల్యాంకన పరీక్షల రోజులు తీసేస్తే రోజుకొక పీరియడ్ చొప్పున పాఠం చెప్పడానికి దక్కేవి 145కు అటూ ఇటూ. పుస్తకంలో అధ్యాయాలు 14. సమంగా పంచితే ఒక్కోదానికి పది పీరియడ్లు. చాలా ప్రణాళికల్లో జరిగేది ఈ భాగహారమే. సంక్రాంతి తర్వాత పరీక్షల దాకా మిగిలే రెండు నెలలకు మాత్రం రివిజన్ అని ఒకే మాట రాసి వదిలేస్తారు. జ్ఞాపకానికి సంబంధించిన బరువంతా ఆ రెండు నెలల మీదే పడుతుంది.

పరీక్ష తీరు మారడంతో ఈ బరువు ఇంకా పెరిగింది. ఒకప్పుడు గణితానికి రెండు పేపర్లు, రెండు వేర్వేరు రోజుల్లో. మొదటి పేపరు రాసి వచ్చాక రెండో పేపరు అధ్యాయాలు తిరగేసుకునే వీలుండేది. 2022 పరీక్షల నుంచి రెండు రాష్ట్రాల్లోనూ గణితం ఒకే పేపరు. తెలంగాణలో 2025లో 80 మార్కులకు రాతపరీక్ష, 20 అంతర్గత మార్కులు. ఆంధ్రప్రదేశ్‌లో వంద మార్కులకు 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పద్నాలుగు అధ్యాయాలూ ఒకే పూట, ఒకే బుర్రలో, కలగలిసి ఉండాలి. ఏ ప్రశ్న మీదా అది ఏ అధ్యాయానిదో రాసి ఉండదు.

పాఠ్యపుస్తకాలు కూడా ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో వేరువేరు. తెలంగాణలో 2014 నాటి ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకం నడుస్తోంది. వాస్తవ సంఖ్యల్లోనే సంవర్గమానాలు, ఆ వెంటనే సమితులు, శ్రేఢుల్లో గుణశ్రేఢి కూడా అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకు మారింది. 2022లో జరిగిన కుదింపు తర్వాతి పుస్తకం అది. సమితులు, సంవర్గమానాలు అందులో లేవు. జ్యామితీయ నిర్మాణాల అధ్యాయం, శంకు ఛిన్నకం, ఓజివ్ వక్రాలు తొలగాయి. అందుకే హైదరాబాద్‌లో ఒకరు రాసుకున్న ప్రణాళిక విజయవాడలో పనికి రాదు. పాత ప్రణాళికను తేదీలు మార్చి మళ్లీ రాయడం అక్కడా ఇక్కడా ఉన్న అలవాటే. పుస్తకం మారిన ఏడాది దాని నష్టం పిల్లలకు తగులుతుంది.

పిల్లలు ఏం తెలుసుకుని పదో తరగతికి వస్తున్నారన్నది పుస్తకం కంటే పెద్ద ప్రశ్న. గ్రామీణ ప్రాంతాల్లో జరిగే అసర్ సర్వే 2024లో దేశం మొత్తం మీద ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 45.8 శాతం. 2022లో ఆ సంఖ్య 44.7. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారి మీద చేసిన 2023 సర్వేలో అదే భాగహారం చేయగలిగినవారు 43.3 శాతం. పెద్ద తరగతులకు వెళ్లినంత మాత్రాన ఈ లోటు దానంతట అది పూడడం లేదని ఈ సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 2024 డిసెంబరులో జరిగిన పరఖ్ జాతీయ సర్వేలో తొమ్మిదో తరగతి పిల్లలు గణితంలో సరిగా జవాబిచ్చినవి సగటున 37 శాతం. మరుసటి జూన్‌లో పదో తరగతి గదుల్లో కూర్చున్నది ఆ తరం పిల్లలే. వాళ్ల ముందు మొదటి రోజే కరణీయ సంఖ్యల నిరూపణ పెడితే సగం మందికి అది గణితంలా కాక కంఠస్థం చేయాల్సిన పాఠంలా కనిపిస్తుంది.

ఈ లోటుకు వాడుకలో ఉన్న మందు జూన్‌లో రెండు మూడు వారాల బ్రిడ్జి కోర్సు. పూర్ణసంఖ్యలు, భిన్నాలు, బీజీయ సమాసాలు గబగబా చెప్పి, ఆ తర్వాత అసలు సిలబస్ మొదలుపెడతారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆరేళ్లలో రానిది మూడు వారాల్లో వచ్చి స్థిరపడదు. పైగా పదో తరగతిలో ఆరో తరగతి లెక్కలు చేయిస్తున్నారన్న చిన్నతనం పిల్లల్లో మిగులుతుంది. పాత పాఠాన్ని కొత్త పాఠంలో కలిపి చెప్పడం దీనికంటే మేలు. సాంఖ్యక శాస్త్రం సంగతే చూడండి. రెండు పుస్తకాల్లోనూ అది చివర్లో ఉంటుంది, డిసెంబరులో హడావిడిగా అయిపోతుంది. దాన్ని జూలైలోనే చెప్తే ఏమవుతుంది? వర్గీకృత దత్తాంశానికి సగటు కనుక్కోవడానికి పెద్ద బీజగణితం అక్కర్లేదు. ఊహించిన సగటు పద్ధతిలో విచలనాలు కొన్ని ధనాత్మకంగా, కొన్ని రుణాత్మకంగా వస్తాయి. వాటిని పౌనఃపున్యాలతో గుణించాలి, కూడాలి, చివరికి భాగించాలి. గుర్తులతో గుణకారం, రుణసంఖ్యల కూడిక, భాగహారం ఒకే పట్టికలో పదేసిసార్లు చేతికి తగులుతాయి. సోపాన విచలన పద్ధతిలో సామాన్య కారణాంకం తీయడం కూడా వస్తుంది. పిల్లవాడు పదో తరగతి పాఠమే చదువుతున్నాడు, మార్కులు తెచ్చే పాఠమే చదువుతున్నాడు, ఆ దారిలో ఆరో తరగతి లోటు కూడా పూడుతోంది. సంభావ్యత కూడా అలాంటిదే. భిన్నాలను సూక్ష్మీకరించడం, ఒకటి నుంచి తీసివేయడం అక్కడ అడుగడుగునా పని పడుతుంది.

అధ్యాయాల క్రమాన్ని ఇలా కదిలించవచ్చా అన్న సందేహం సహజం. పుస్తకం క్రమం ఒక సూచన మాత్రమే. ఏది దేనికి ఆధారమో తెలిస్తే మిగిలినవాటిని జరపవచ్చు. కదపలేని బంధాలు కొన్ని ఉన్నాయి. వర్గ సమీకరణాలు రాకుండా శ్రేఢులు సగమే వస్తాయి. 9, 17, 25... అన్న అంకశ్రేఢిలో ఎన్ని పదాల మొత్తం 636 అని అడిగితే, సూత్రంలో విలువలు పెట్టేసరికి 4n² + 5n − 636 = 0 అన్న వర్గ సమీకరణం ఎదురవుతుంది. కారణాంక విభజనకు −2544 లబ్ధం, 5 మొత్తం ఉండే రెండు సంఖ్యలు వెతకాలి. అవి 53, −48. మూలాలు 12, −53/4. పదాల సంఖ్య రుణభిన్నం కాలేదు కాబట్టి జవాబు 12. శ్రేఢుల అధ్యాయంలో ఈ లెక్క దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి శ్రేఢులు రావని గుర్తు పెట్టుకుంటాం. నిజానికి అతను ఆగింది కారణాంకాల దగ్గర, అంటే ఎనిమిదో తరగతి దగ్గర. సరూప త్రిభుజాలకు, త్రికోణమితికి మధ్య కూడా ఇలాంటి బంధమే ఉంది. లంబకోణ త్రిభుజం చిన్నదైనా పెద్దదైనా 30 డిగ్రీల సైన్ విలువ ఎందుకు మారదో సరూపత చెప్తుంది. ఆ ముక్క జారిపోతే త్రికోణమితి మొత్తం ఒక పట్టికగా, కొన్ని సూత్రాలుగా మిగిలిపోతుంది. నిరూపక జ్యామితిలో దూర సూత్రం పైథాగరస్ సిద్ధాంతమే, విభజన సూత్రం సరూప త్రిభుజాలే. తెలంగాణ పుస్తకంలో నిరూపక రేఖాగణితం ఏడోది, సరూప త్రిభుజాలు ఎనిమిదోది. వాటిని తారుమారు చేస్తే విభజన సూత్రాన్ని నోటికి అప్పజెప్పాల్సిన పని తప్పుతుంది. అదే పుస్తకంలో వృత్తఖండ వైశాల్యం తొమ్మిదో అధ్యాయంలో, త్రికోణమితి పదకొండులో ఉన్నాయి. కేంద్రకోణం 120 డిగ్రీలుంటే లోపలి త్రిభుజ వైశాల్యానికి 60 డిగ్రీల త్రికోణమితి విలువలు సాయపడతాయి. ఆ కొద్ది లెక్కలను త్రికోణమితి తర్వాతికి వాయిదా వేసుకోవడం తెలివైన పని.

ఇక తిరిగి రావడం గురించి. నేర్చినదాన్ని ఒకేచోట కుప్పగా సాధన చేయడం కంటే విడతలుగా చేస్తే ఎక్కువ కాలం నిలుస్తుందని జ్ఞాపకం మీద పరిశోధనలు మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లో పుస్తకం వేసిన నాటి నుంచి చెప్తూనే ఉన్నాయి. గణితం తరగతి గదిలోనే జరిగిన పెద్ద పరీక్ష ఒకటి ఉంది. డగ్ రోరర్ బృందం అమెరికాలోని ఫ్లోరిడాలో 54 ఏడో తరగతి సెక్షన్లను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసింది. రెండు వైపులా పిల్లలు చేసిన లెక్కలు ఒకటే. ఒక వైపు ఒక రకం లెక్కలన్నీ వరసగా, మరో వైపు రకరకాల లెక్కలు కలిపి కొన్ని నెలలపాటు ఇచ్చారు. నెల తర్వాత ముందు చెప్పకుండా పెట్టిన పరీక్షలో కలిపి చేసినవారికి 61 శాతం, వరసగా చేసినవారికి 38 శాతం వచ్చాయి. ఈ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కారణం ఊహించడం కష్టం కాదు. 1.5 మీటర్ల బాలుడి నీడ 2 మీటర్లున్నప్పుడు 24 మీటర్ల నీడ పడే గోపురం ఎత్తెంత అన్న ప్రశ్న సరూప త్రిభుజాల అభ్యాసంలో ఉంటే పిల్లలు నిష్పత్తి రాసేస్తారు, 18 వస్తుంది. గోపురం శిఖరం 30 డిగ్రీల ఊర్ధ్వకోణంలో కనిపిస్తోందన్న ప్రశ్న త్రికోణమితి అభ్యాసంలో ఉంటే టాన్ రాసేస్తారు. రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటే మొదటిసారి ఆలోచించాల్సి వస్తుంది: దీనికి ఏ దారి? పబ్లిక్ పరీక్ష అడిగేది ఈ ప్రశ్ననే. అధ్యాయం చివరి అభ్యాసాలు మాత్రమే చేసిన పిల్లలకు ఆ ప్రశ్న ఫిబ్రవరిలో ప్రీ-ఫైనల్ దాకా ఎదురుకాదు.

అమెరికా ఏడో తరగతి ఫలితం మన పదో తరగతికి వర్తిస్తుందా అన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. అక్కడి సెక్షన్ల పరిమాణం, ఇంటి వద్ద వసతులు, పరీక్షల ఒత్తిడి వేరు. అదే శాతాలు ఇక్కడా వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఆ పద్ధతికి ఖర్చు లేదు, కొత్త పుస్తకం అక్కర్లేదు, చేసే లెక్కలు అవే, మారేది క్రమం ఒక్కటే. నష్టం తక్కువ, లాభానికి ఆధారం గట్టిది అయినప్పుడు ప్రయత్నించడమే సబబు. ప్రయత్నించే టీచరు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. కలగలుపు అభ్యాసంలో మొదటి వారాల్లో తప్పులు ఎక్కువ వస్తాయి, పిల్లలు విసుక్కుంటారు. వరసగా చేసినప్పుడు వచ్చే గబగబా ఒప్పులు చూసి పాఠం వచ్చేసిందనుకోవడం టీచర్లకూ పిల్లలకూ ఉన్న సాధారణ భ్రమ.

అసలు అభ్యంతరం సమయం గురించి. ఉన్న 145 పీరియడ్లలో సిలబస్సే ముగియడం లేదు, తిరిగి రావడానికి తీరిక ఎక్కడిది? లెక్క వేసి చూద్దాం. వారానికొక పీరియడ్ కలగలుపు లెక్కలకు కేటాయిస్తే పాతిక పోతాయి. భారీ వర్షాలకు ఇచ్చే సెలవులు, ఎన్నికల విధులు, శిక్షణలకు మరో పది ఖాళీగా ఉంచుకోవాలి. ఇవేవీ ఎన్నడూ రావన్నట్టు రాసిన ప్రణాళిక ఆగస్టుకే చెల్లని కాగితమవుతుంది. మిగిలేవి 110. వాటిని సమంగా పంచకూడదు. వర్గ సమీకరణాలకు, సరూప త్రిభుజాలకు పన్నెండేసి, త్రికోణమితికి పది, సమితులకు, సంభావ్యతకు ఐదేసి చాలు. త్రికోణమితి అనువర్తనాలకు నాలుగు ఇవ్వవచ్చు, ఎందుకంటే ఆ లెక్కలు ఆ తర్వాతి వారాల కాగితాల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. వారం కాగితంలో ఐదు లెక్కలుంటే చాలు: ఈ వారం పాఠం నుంచి ఒకటి, గత నెలవి రెండు, జూన్-జూలైలవి ఒకటి, కింది తరగతుల కారణాంకాలో భిన్నాలో ఒకటి. ఇలా ఏడు నెలలు నడిస్తే జనవరి తర్వాత ప్రతి అధ్యాయాన్నీ మొదటి నుంచి చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. అంటే ఆ పాతిక పీరియడ్లు రివిజన్ నెలల నుంచి తెచ్చుకున్న అప్పు, అప్పుడే తీరిపోతుంది.

పై నుంచి నెలవారీ సిలబస్ వస్తుంది, ఎఫ్‌ఏ, ఎస్‌ఏ ప్రశ్నపత్రాలు దాని ప్రకారం ఉంటాయి, మాకు స్వేచ్ఛ ఎక్కడుందని ఉపాధ్యాయులు అనడంలోనూ నిజముంది. 2024-25లో తెలంగాణలో ఎఫ్‌ఏ-1 జూలై ఆఖరుకు, ఎఫ్‌ఏ-2 సెప్టెంబరు ఆఖరుకు, ఎస్‌ఏ-1 అక్టోబరు 21 నుంచి 28 వరకు పెట్టారు. ఈ గడువుల్లోపు ఏ అధ్యాయాలు అవ్వాలో శాఖ చెప్తుంది. ఆ గడువుల మధ్య ఏది ముందు, ఏది వెనక, ఏ రోజు పాత లెక్కలు అన్నది టీచరు చేతిలోనే ఉంటుంది. సాంఖ్యక శాస్త్రాన్ని జూలైకి జరపడం వంటి మార్పు శాఖ స్థాయిలో జరగాలి. అది జరిగేదాకా కనీసం ఆ అధ్యాయంలోని సగటు భాగాన్ని తొలి వారాల కలగలుపు పీరియడ్లలో చెప్పుకోవచ్చు.

ఇక పాస్ కావడానికి 35 మార్కులు వస్తే చాలన్న వాదన. బాగా వెనుకబడిన పిల్లలకు నాలుగైదు తేలిక అధ్యాయాలు ఎంచి, వాటిలో వచ్చే ప్రశ్నలు బట్టీ పట్టించి ఒడ్డుకు చేర్చడం చాలా బడుల్లో జరుగుతున్నదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఫెయిలైతే ఆడపిల్ల చదువు అక్కడితో ఆగిపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ టీచర్ల ఆరాటం నిజమైనది. అభ్యంతరమల్లా ఆ ఎంపిక ఎప్పుడు జరుగుతోందన్నదే. ఫిబ్రవరిలో చేస్తే అది ఆదుకోవడం. జూన్‌లోనే పిల్లలను ఏ, బి, సి అని విడదీసి, సి గుంపుకు ఐదు అధ్యాయాలే అని తేల్చేస్తే ఆ పిల్లలకు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ తలుపు అప్పుడే మూసినట్టు. ఆ పరీక్షలో 120 మార్కుల్లో సగానికి దగ్గర గణితానివే. ఇంటర్‌లో ఎంపీసీ మాట ఇక చెప్పక్కర్లేదు. పదో తరగతి మార్కులతోనే సీట్లిచ్చే ట్రిపుల్ ఐటీలు గ్రామీణ పిల్లలకోసం 2008లో పుట్టినవి. ఆ అవకాశం ఉందో లేదో తేలకముందే తీసేసే హక్కు ఏ ప్రణాళికకూ లేదు.

భాష గురించి కూడా ఒక మాట. ద్విభాషా పుస్తకాలు వచ్చాయి, ఎడమ పుటలో ఒక భాష, కుడి పుటలో మరొకటి. బోధన ఇంగ్లిష్ మీడియంలోకి మారుతున్న ఈ కాలంలో రాత లెక్కల్లో పిల్లలు ఆగిపోయేది తరచు వాక్యం దగ్గర. ‘కనీసం’, ‘గరిష్ఠంగా’, ‘కంటే రెట్టింపు’ వంటి మాటలు ఏ సమీకరణం అవుతాయో చెప్పించడానికి ప్రతి బీజగణిత అధ్యాయంలో ఒక పీరియడ్ విడిగా ఉంచాలి. ఆ పీరియడ్‌లో లెక్క సాధించనక్కర్లేదు, రెండు భాషల్లోనూ చదివి, బొమ్మ గీసి, సమీకరణం రాయడం దగ్గర ఆపేయవచ్చు.

జనవరి తర్వాత వచ్చే ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, ఆంధ్రప్రదేశ్‌లో డిసెంబరు నుంచి నడిపిన వంద రోజుల ప్రణాళిక వంటివి ఉపయోగపడేది ముందు నెలలు సరిగా గడిచినప్పుడే. ప్రీ-ఫైనల్ పేపరు దిద్దాక మార్కుల జాబితా తయారుచేయడంతో ఆగకుండా, ప్రతి ప్రశ్నకూ ఎంతమంది ఎక్కడ ఆగారో ఒక పట్టిక గీస్తే తర్వాతి మూడు వారాలకు అదే పాఠ్యప్రణాళిక. ఆ పట్టిక మరో పనికి కూడా వస్తుంది. ఏటా ఒకే చోట పిల్లలు ఆగుతున్నారంటే ఆ పని తొమ్మిదో తరగతిలో మొదలుకావాలి. కాబట్టి ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం: జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు తొమ్మిదో తరగతి గణితం చెప్పిన టీచరుకే పదో తరగతి కూడా ఇవ్వండి. కుదరకపోతే కనీసం తొమ్మిదో తరగతి ఎస్‌ఏ-2 జవాబుపత్రాలను పదో తరగతి టీచరు చేతికి బడి తెరిచిన మొదటి వారంలోనే అందించండి. వార్షిక ప్రణాళిక మీద సంతకం ఆ తర్వాత పెట్టవచ్చు.